అత్తమ్మ మింగిన గోలీ

అత్తమ్మ కాలిగోళ్లు ఎవరో తీసిపెట్టారని సంధ్యారాణి గురువారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కనిపెట్టింది. పదికి పది వేళ్లూ. ఎండిన కొబ్బరిపెచ్చుల్లా గట్టిపడి వంకర తిరిగిన గోళ్లు, ఇప్పుడు పెళ్లికూతురి గోళ్లలాగా ఒక్క తీరుగా ఉన్నాయి.

ఎవరు తీశారో అడగక్కర్లేదు. అయినా అడిగింది. అండాలమ్మ పప్పు కలుపుకుంటూ, పైన ఉండే సూర్యప్రభమ్మ తీసిందనీ, వేడినీళ్లలో కాళ్లు నానబెట్టి, తువ్వాలుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని తీసిందనీ, షుగరున్నోళ్లకు కాలి మీద చిన్న గీత పడినా మానదట అనీ, ఏదో పండుగ ముచ్చట చెప్పినట్టు చెప్పింది. ఒళ్లో పెట్టుకుని అన్న మాట దగ్గర సంధ్యారాణి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ గోళ్లు తీయాలని తను ఎన్నిసార్లు అనుకోలేదు? అనుకున్న ప్రతిసారీ, తెగి నెత్తురొస్తే ఎట్లా అని భయపడింది. పాప గోళ్లు కూడా శేఖర్ చేతే తీయిస్తుంది. భయపడి మానుకున్న పని ఇంకొకరు నవ్వుతూ చేసిపెడితే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మిగిలిన అన్నం తను తినలేదు.

చైతన్యపురిలో మెయిన్ రోడ్డుకు రెండు గల్లీల వెనక వాళ్ల కిరాయి పోర్షను. రెండు గదులు, ఒక వంటగది. సంధ్యారాణి, ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసే భర్త శేఖర్, పది నెలల పాప, అత్తగారు అండాలమ్మ. మామ భిక్షపతి చనిపోయాక మూడేళ్ల కింద నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి ఆమె కొడుకింటికి వచ్చేసింది. పైన ఇంటి ఓనరు సూర్యప్రభ ఒక్కతే ఉంటుంది. ఆంధ్రాలో తణుకు వైపు మనిషి. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. భర్త రామారావు పోయి రెండేళ్లు. పిల్లలు లేరు.

మొదట్లో అండాలమ్మ పైకి వెళ్లేదే కాదు. వెళ్లేటట్టు చేసింది సంధ్యారాణే. ఆ సంగతి గుర్తుచేసుకోవడం ఆమెకు ఇష్టముండదు. నాలుగు నెలల కింద పాప పాకుకుంటూ పోయి మంచం కింద పడిన షుగర్ గోలీల పత్తాను నోట్లో పెట్టుకుంది. ఒక్క గోలీ కూడా ఊడలేదు. కానీ సంధ్యారాణి ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచింది. నీ గోలీలు నా బిడ్డకు అందకుండా ఎక్కడన్న పెట్టుకో అత్తమ్మా, ఈ ఇంట్ల వద్దు అంది. అండాలమ్మ గోలీలన్నీ పాత బిస్కెట్ డబ్బాలో వేసుకుని మెట్లెక్కింది. అప్పటినుంచి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పైకి పోయి మింగి వస్తుంది. పొద్దున పోతే పది దాకా రాదు. గోలీ వేసుకున్నాక టిఫిను తినాలట. ఆ టిఫిను అక్కడే.

ఇంట్లో జొన్నరొట్టె ముందు పెడితే ఒక ముక్క తుంచుకుని, పొద్దుగాల పెసరట్టు తిన్న బిడ్డా, ఆకలి లేదు అంటుంది. ఒక రోజు తల దువ్వించుకుని వచ్చింది. ఒక రోజు మెడ చుట్టూ పౌడర్ వాసన. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, మొన్నొకనాడు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ "అలాగేనండి" అంది. డెబ్బై ఏళ్లు నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన నోటిలోంచి అలాగేనండి. శేఖర్ పకపకా నవ్వాడు. సంధ్యారాణికి మాత్రం ఆ మాట చెవిలో చీమలాగా తిరుగుతూనే ఉంది.

అసలు ఆ పైన ఏం మాట్లాడుకుంటారు? తన గురించే అయి ఉంటుంది. కోడలు తొమ్మిదో తరగతిలోనే మానేసింది, గోలీల పేరు చదవను రాదు, పిల్ల ఏడిస్తే తనూ ఏడుస్తుంది — ఇవన్నీ చెప్పుకుని ఉంటారు. తల్లి లేని పిల్లగా పెరిగిన సంధ్యారాణి, పెళ్లప్పుడు అండాలమ్మ తన చెయ్యి పట్టుకుని, ఇగ నువ్వు నా బిడ్డవే అన్న మాటను నిజంగా నమ్మింది. ఆ చెయ్యి ఇప్పుడు పైన ఎవరి చేతిలోనో ఉంది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. శేఖర్ పొద్దున లేస్తే ఎల్బీ నగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరానికి పోతున్నాడు. అక్కడ రోజుకొకరు రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాళ్లు. ఒకనాడు లాయర్లు, ఒకనాడు టీచర్లు, ఒకనాడు మంగలివాళ్లు, ఒకనాడు ఆటోవాళ్లు. పొద్దున తొమ్మిదికి మెడలో దండలు వేసి కూర్చోబెడితే సాయంత్రం ఐదుకు నిమ్మరసం తాగించి లేపుతారు. అక్టోబరు ఒకటో తారీఖు శనివారం వృద్ధుల దినం కాబట్టి ఆ రోజు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, శాలువాలు కప్పి సన్మానం చేయాలని అనుకున్నారు. నిమ్మరసం ఎవరింటి పెద్దలకు వాళ్ల ఇంటివాళ్లే ఇవ్వాలి. పేపరువాళ్లు వస్తారు, ఫోటోలు పడతాయి.

శేఖర్ ఈ మాట చెప్తుంటే సంధ్యారాణి కళ్ల ముందు ఆ టెంటు కదిలింది. అంతమంది ముందు, మైకులో పేరు పిలిస్తే, లేచి వెళ్లి అత్తమ్మ నోటికి గ్లాసు అందించేది తను. పైన ఆమె కాదు. ఆమె ఆ టెంటు దరిదాపులకు కూడా రాదు. సమ్మె మొదలయ్యాక సూర్యప్రభ మెయిన్ రోడ్డు మీదికే రావడం మానేసింది. పాలు, కూరగాయలు అన్నీ గల్లీలోనే. "అత్తమ్మ పేరు రాయించు" అంది భర్తతో. అండాలమ్మ మనవరాలిని ఆడిస్తూ, కూసుంట, ఏముంది అంది.

శుక్రవారం రాత్రి, అత్తమ్మ గోలీ మింగి దిగి వచ్చాక, సంధ్యారాణి పాపను చంకనెత్తుకుని పైకి పోయింది. గోలీల డబ్బా ఇవ్వమని అడిగింది. రేపు పొద్దున్నే వెళ్లాలి, ఇక నుంచి నేనే ఇస్తాను అని చెప్పింది. పాపకు అందకుండా అటక మీద పెడతానని కూడా చెప్పింది. సూర్యప్రభ డబ్బా తెచ్చి ఇచ్చింది గానీ చేతిలోంచి వెంటనే వదల్లేదు.

"సంధ్యా, రేపు ఆవిడ తినరు కదా. పొద్దున మాత్ర వెయ్యకు. మాత్ర వేసి తిండి లేకపోతే షుగర్ పడిపోద్ది. అసలు నన్నడిగితే ఈ వయసులో ఆ దీక్షలో కూర్చోకపోవడమే మంచిదమ్మా."

మొదటి మాటలు సంధ్యారాణి చెవిలోంచి జారిపోయాయి. చివరి మాట ఒక్కటే లోపల దిగింది. కూర్చోకపోవడమే మంచిదట. ఎందుకు మంచిది కాదో తనకు తెలియదా? మా రాష్ట్రం మేం అడిగితే మీకు కష్టంగా ఉంటుంది. ఆ మాట పైకి అనే ధైర్యం లేక, గోలీ మీద పెట్టి చెప్తున్నావు. సంధ్యారాణి డబ్బా లాక్కున్నంత పని చేసి, "పెద్దలు తిట్టినా కొట్టినా మాకు తెల్సు ఆంటీ, మా అత్తమ్మకేం గాదు" అని దిగి వచ్చేసింది. ఆ రెండు ముక్కలకు ఒకదానికొకటి సంబంధం లేదని కింది మెట్టు మీదికి వచ్చాక తోచింది. అయినా వెనక్కి తిరగలేదు.

శనివారం పొద్దున పత్తాలోంచి గోలీ తీసి, గ్లాసులో నీళ్లు పట్టుకుని అత్తమ్మ ముందు నిలబడింది. నాలుగు నెలల తర్వాత తన చేత్తో మొదటిసారి. అండాలమ్మ గోలీ వైపు చూసింది, కోడలి ముఖం వైపు చూసింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత గోలీ నాలుక మీద వేసుకుని గుటుక్కున మింగింది. సంధ్యారాణికి పానం హాయిగా అయింది. ఇంతే కదా పని, దీనికి పైదాకా ఎందుకు పోవాలి అనుకుంది.

టెంటులో పదిమంది పెద్దవాళ్లు. ఆరుగురు ముసలాయనలు, నలుగురు ముసలమ్మలు. మెడల్లో బంతిపూల దండలు, వెనక గులాబీ రంగు బ్యానర్లు. డప్పులు, పాటలు, మైకులో ఉపన్యాసాలు. టెంటు చూసుకునే రామస్వామి, కనబడ్డ ప్రతి పెద్దమనిషి కాళ్లకూ దండం పెడుతున్నాడు. ముసలమ్మలు తమలో తాము పాత ముచ్చట్లు పెట్టుకున్నారు. అరవైతొమ్మిది ఉద్యమంలో భిక్షపతి వీపు మీద లాఠీ ఎట్లా పడిందో అండాలమ్మ చెప్తుంటే పక్కనున్నవాళ్లు నోరు తెరిచి విన్నారు. సంధ్యారాణి పాపను ఒళ్లో వేసుకుని టెంటు కొసన నీడలో కూర్చుని అత్తమ్మనే చూసింది. ఈమె మా అత్తమ్మ అని అడగని వాళ్లకు కూడా చెప్పింది.

పన్నెండున్నరకు అండాలమ్మ మాటలు తగ్గాయి. నుదుటి మీద చెమట. ఎండకేమో అనుకుని సంధ్యారాణి దగ్గరికి పోయి కొంగుతో విసిరింది. అండాలమ్మ కళ్లు పైకెత్తింది. ఆ కళ్లు ఎటో చూస్తున్నట్టున్నాయి.

"సూర్యప్రభమ్మా," అంది. "జర కాళ్లు లాగుతున్నయ్."

సంధ్యారాణి విసరడం ఆపేసింది. ఇక్కడ కూడానా? ఇంతమందిలో, నా చేతి గాలి తగులుతుంటే కూడా ఆమె పేరేనా? ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పాపను సర్దుకునే వంకతో లేచి కొసకు పోయి కూర్చుంది. ముఖం అటు తిప్పుకుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఒక పాట పూర్తయి ఇంకోటి ఎత్తుకున్నారు. తిరిగి చూసేసరికి అండాలమ్మ తల పక్కామె భుజం మీద వాలి ఉంది. దండ ఒక పక్కకు జారింది.

పరుగున పోయి చెయ్యి పట్టుకుంది. తడిగా, కుండలోని నీళ్లలాగా చల్లగా ఉంది. పిలిస్తే ఊ అంటుంది గానీ మాట ముద్దముద్దగా వస్తుంది. చెయ్యి వణుకుతుంది. శేఖర్ ఎక్కడ? ర్యాలీకి పోయాడు. మైకు చప్పుడులో అతను ఫోన్ ఎత్తడం లేదు. సంధ్యారాణి వేళ్లు ఇంకో నంబరు నొక్కాయి. ఆ నంబరు నొక్కడం ఇష్టం లేదని ఆమె వేళ్లకు తెలియలేదు.

"ఆంటీ, అత్తమ్మకు చెమటలు పడుతున్నయ్. సోయి లేనట్టు జేస్తుంది."

"మాత్ర వేశావా?"

"వేసిన."

అవతలినుంచి ఆమె గొంతు డ్యూటీలో ఉన్న నర్సు గొంతులాగా, ఏ రంగూ లేకుండా వచ్చింది. "పంచదార ఉందా అక్కడ? మింగగలిగితే వెంటనే పెట్టు. నీళ్లల్లో కలిపి కొంచెం కొంచెంగా తాగించు. పడుకోబెట్టి పొయ్యకు, కూర్చోబెట్టు. మింగలేకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను వస్తున్నా."

సాయంత్రం నిమ్మరసానికి తెచ్చిన చక్కెర టెంటు వెనక బల్ల కింద ఉంది. సంధ్యారాణి సంచి విప్పుతుంటే రామస్వామి అడ్డం వచ్చాడు. ఐదింటికి పేపరోళ్లు వస్తరమ్మా, ఇప్పుడే నోట్ల ఏమన్న వేస్తే దీక్ష భంగమైతది, మందిల మాటొస్తది, జర ఓపిక పట్టు అన్నాడు. సంధ్యారాణి అతన్ని మాట్లాడనియ్యలేదు. పాపను అతని చేతుల్లో పెట్టి, గ్లాసులో సగం దాకా చక్కెర గుమ్మరించి నీళ్లు పోసింది. అందరూ చూస్తుండగా, పాట మధ్యలో, అత్తమ్మ తలను తన రొమ్ముకు ఆనించుకుని గ్లాసు నోటికి పెట్టింది. ఎవరో, అయ్యో దీక్ష పాయె అన్నారు. ఎవరో మైకు ఆపారు. చక్కెరనీళ్లు గడ్డం మీదుగా జారి బంతిపూల మీద పడ్డాయి. ఒక గుటక. ఇంకో గుటక. మూడో గుటకకు అండాలమ్మ తనంతట తానే గ్లాసు పట్టుకుంది.

పావుగంటకు చూపు నిలిచింది. అరగంటకు, నా దండ ఏది అని అడిగింది.

సూర్యప్రభ మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఆటోలు లేవు, బస్సులు లేవు. ముఖమంతా ఎర్రగా, జాకెట్టు తడిసి ఉంది. భుజాన సంచి, సంచిలో రక్తంలో షుగర్ చూసే మిషను, ఒక డబ్బాలో పెరుగన్నం. ఆ జెండాల మధ్యలోంచి, తల వంచుకుని, ఎవరినీ చూడకుండా నేరుగా అండాలమ్మ దగ్గరికి వచ్చింది. వేలు గుచ్చి, మిషనులో అంకె చూసి, ఊపిరి వదిలింది. ఎవరమ్మా మీరు అని రామస్వామి అడిగితే ఆమె జవాబు చెప్పే లోపలే అండాలమ్మ చెప్పింది.

"మా ఇంటోళ్లు."

అత్తమ్మ ప్రాణం నిలబడ్డందుకు మొక్కుకుంటున్న సంధ్యారాణికి, ఆ మొక్కు మధ్యలోనే, ఆ మాట ముల్లులాగా గుచ్చుకుంది. ఇది తప్పని తెలుసు. తప్పని తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు.

రామస్వామి పాపను తిరిగి ఇచ్చి, దండం పెట్టి, పెద్దమ్మా నువ్వు బువ్వ తిను, పెద్దోళ్ల దినం నాడు పెద్దోళ్లకు పానం మీదికి తెచ్చినమన్న మాట మాకొద్దు అన్నాడు. శాలువా అప్పుడే తెచ్చి కప్పాడు. పేపరువాళ్లు అప్పటికి రాలేదు. ఫోటో పడలేదు. తర్వాత వచ్చిన శేఖర్ సంగతి విని, ఎవరిదో బండి అడిగి తల్లిని ఎక్కించుకుని ఇంటికి పోయాడు. ఆడవాళ్లిద్దరూ నడిచి రావాల్సి వచ్చింది.

బస్సులు లేని రోడ్డు ఇంకా పొడుగ్గా కనిపించింది. పాపను ఎత్తుకుంటానని సూర్యప్రభ రెండుసార్లు చేతులు చాచింది. చేతులు పడిపోతున్నా సంధ్యారాణి ఇవ్వలేదు. తిడితే బాగుండు అనుకుంది. నేను చెప్పానా లేదా అంటే జవాబు చెప్పేది, గొడవపడేది. ఆమె తిట్టలేదు. కొత్తపేట దాటాక మాత్రం, తను నర్సుగా చేరిన మొదటి ఏడాదిలో ఒకాయనకు ఇట్లాగే తిండి పెట్టకుండా షుగర్ సూది ఇచ్చిందనీ, ఆయన బతికాడు గానీ చల్లబడిన ఆయన చెయ్యి ఇప్పటికీ గుర్తుందనీ చెప్పింది. సంధ్యారాణి వినలేదన్నట్టే నడిచింది. కానీ విన్నది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. శేఖర్ పాల కోసం బయటికి పోయాడు. అండాలమ్మ మంచం మీద కూర్చుని ఉంది, శాలువా మడత పెట్టి పక్కన పెట్టుకుంది. సంధ్యారాణి కింద కూర్చుంది. అత్తమ్మ కాళ్లు ముఖానికి ఎదురుగా ఉన్నాయి. ఆ నున్నటి గోళ్లు.

"ఆంటీ నీకు ముందే చెప్పిందా, గోలీ ఏసుకోవద్దని?"

"చెప్పింది. నిన్న పొద్దుగాలనే చెప్పింది."

"మరెందుకు మింగినవ్ అత్తమ్మా?"

అండాలమ్మ కాలి బొటనవేలు ఆడించింది.

"నువ్విస్తివి గద బిడ్డా. నాలుగు నెల్ల సంది నా గోలీ నీ చేతిల చూడలె. నీళ్లు గూడ తెస్తివి. ఎట్ల వద్దంట?"

సంధ్యారాణి ఇన్నాళ్లు ఆ మాట కోసమే కదా కడుపు కాలబెట్టుకున్నది. వచ్చింది. ఇట్లా వచ్చింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"ఆమె ఇస్తె గూడ గట్లనే మింగుతవా?"

అండాలమ్మ పళ్లు లేని చోట నాలుక పెట్టి నవ్వింది. "ఆమె ఇస్తె వంద అడుగుత. గిదెందుకు, గదెందుకు, తెల్లదెందుకు, పచ్చదెందుకు. పాపం, అన్నిటికి చెప్తది. అడిగేటోళ్లు లేక ఆమె నోరు ఎండిపోతుంది. నిన్నేం అడుగుత? నువ్వు ఇస్తె ఇచ్చినవ్."

ఆమెకు నోరు ఎండిపోతుందని తెలుసు నీకు, నాకు ఏమేమి ఎండిపోతున్నాయో తెలుసా అని సంధ్యారాణి అడగాలనుకుంది. అడగలేదు. తనను ఏమీ అడగకుండా, నమ్మి, విషమైనా సరే మింగే ఈ ముసలామెను చూస్తే మొదటిసారి భయమేసింది. తెల్లారి లేస్తే ఆ పత్తా మళ్లీ తన చేతిలోనే ఉంటుంది. ఈ చెయ్యి ఏం ఇస్తే అది పోతుంది లోపలికి.

"ఇగ నన్ను గూడ అడుగు అత్తమ్మా," అంది. "అన్ని అడుగు. అడగకుంట మింగకు."

ఆదివారం పొద్దున గోలీ, నీళ్లు పట్టుకుని వచ్చింది. అండాలమ్మ చెయ్యి చాపలేదు. పెద్ద పరీక్ష పెట్టేదానిలాగా కళ్లు చిన్నవి చేసి, ఇది దేనికి, దీని తర్వాత ఎంతసేపటికి తినాలె, రొట్టె తింటె సరిపోతదా అని వరసపెట్టి అడిగింది. సంధ్యారాణి పత్తా తిప్పి చూసింది. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. పేరు వచ్చింది గానీ, ఎంతసేపటికి తినాలో అందులో రాసి లేదు.

"ఆగు," అని గోలీ గుప్పిట్లో పట్టుకుని, పాపను చంకనెత్తుకుని మెట్లెక్కింది. పైనుంచి తిరగమోత వాసన వస్తుంది. ఉప్మా. ఇద్దరికి సరిపోయేంత చేస్తుందని వాసనతోనే తెలిసిపోయింది. కడుపులో ఆ మంట మళ్లీ లేచింది. మెట్ల మధ్యలో ఒక్క క్షణం నిలబడి, అది చల్లారుతుందేమోనని చూసింది. చల్లారలేదు. అట్లాగే పైకి పోయి తలుపు కొట్టింది.